ఫ్యాక్టరీ కాంపౌండ్‌లో పక్షులకి, పాములకి కాస్త చోటు: ఉద్యోగులు ఎప్పుడూ అడిగే ప్రశ్నలు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఈ మధ్య తెగ అడుగుతున్నారు, మీ ఫ్యాక్టరీలో ఈ పక్షుల లెక్క, కుంట పని ఎలా మొదలుపెట్టారు, మేనేజ్‌మెంట్ ఎలా ఒప్పుకుంది, పాములొస్తే ఏం చేస్తారు అని. వాట్సాప్‌లో ఒకటే జవాబు పదిమందికి టైప్ చేయలేక అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. మొత్తం చదవక్కర్లేదు, మీ డౌట్ ఏదో అక్కడికే వెళ్లి చూస్కోండి.

## మొదలుపెట్టే ముందు

ఫ్యాక్టరీలో వన్యప్రాణులేంటి అన్నా, కాకులు తప్ప ఏముంటాయి?

పొద్దున ఆరింటికి ఏ షిఫ్ట్ గేట్ దగ్గర కాకుండా వెనక కాంపౌండ్ వాల్ దగ్గర ఒక అరగంట నిలబడి చూడండి. నెమలి, కౌజు పిట్ట, తీతువు, పాలపిట్ట, గిజిగాడు, ముంగిస, ఉడుము, అదృష్టం బాగుంటే చెవులపిల్లి. మన పెద్ద ఫ్యాక్టరీలన్నీ ఒకప్పటి బండలు, తుమ్మలు, రేగుపొదలున్న బీడు భూముల్లో కట్టినవే. గోడ కట్టాక లోపల వేట లేదు, మేకలు మేయవు, ప్లాట్లు పడవు, అందుకే బయట పోయినవి లోపల మిగిలాయి. 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ క్యాంపస్‌కి పక్షులు చూడటానికే జనం వెళ్తారు. పక్కనే అమీన్‌పూర్ చెరువుని 2016లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్‌గా ప్రకటించారు, చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఇండస్ట్రీలు ఉన్న చెరువది. ఆ పిట్టలకి మీ గోడ పెద్ద లెక్కేం కాదు.

మేం ప్రతి ఏడాది జూన్ 5న మొక్కలు నాటుతున్నాం కదా, ఇదీ అదేనా?

కాదు. అసలు చాలాచోట్ల ఆ మొక్కలు నాటడం కోసమే ఉన్న పొదలన్నీ జేసీబీతో చదును చేస్తారు, కౌజు పిట్టల ఇల్లు పీకేసి గుంతలు తవ్వి బ్యానర్ పట్టుకుని ఫొటో దిగుతారు. జంతువుకి కావల్సింది తిండి, నీళ్లు, దాక్కునే చోటు, పిల్లల్ని పెట్టే చోటు. చూడ్డానికి పిచ్చి కంపలా ఉన్న రేగుపొదలో ఈ నాలుగూ ఉండొచ్చు, నీట్‌గా కత్తిరించిన లాన్‌లో ఒక్కటీ ఉండకపోవచ్చు. నన్నడిగితే మొదటి ఏడాది ఒక్క మొక్క కూడా నాటొద్దంటా, ఉన్నదేంటో చూసి దాన్ని పాడుచేయకుండా ఆపగలిగితే అదే చాలా పని.

ఎవరు లీడ్ చేయాలి? హెచ్‌ఆర్ వాళ్లు చేస్తే అయిపోదా?

హెచ్‌ఆర్ చేస్తే అది ఈవెంట్ అవుతుంది, ఒక రోజుతో అయిపోతుంది. ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, సేఫ్టీ చూసే విభాగం) వాళ్లని పేపర్ మీద ఓనర్‌గా పెట్టండి, ఎందుకంటే పర్మిట్లు వాళ్ల చేతిలో ఉంటాయి. కానీ అసలు టీమ్‌లో ముందు ఉండాల్సింది తోటమాలి, నైట్ సెక్యూరిటీ గార్డు, ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంట్) ఆపరేటర్. ఏ పొదలో ఏ పిట్ట గూడు పెట్టింది, పాము ఏ కలుగులోంచి వస్తుంది, వానాకాలం నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఇవన్నీ వాళ్లకి తెలుసు, ఇంజినీర్లకి తెలీదు. వీళ్లలో ఎక్కువమంది కాంట్రాక్ట్ వాళ్లు కాబట్టి మీటింగ్‌కి పిలవరు, అక్కడే సగం ప్రోగ్రాములు ఫెయిల్ అవుతాయి. వాళ్లు వచ్చే టైమ్‌ని డ్యూటీలో రాయించండి, ఫ్రీగా చేయించుకోవద్దు.

మాది జీడిమెట్లలో చిన్న యూనిట్, షెడ్డుకి షెడ్డు ఆనుకుని ఉంటుంది. మాకేం పని ఉంటది?

ఉంటది. నిమ్మ, కరివేపాకు కుండీల్లో పెట్టినా సీతాకోకచిలుకలు వచ్చి గుడ్లు పెడతాయి, ఆకులు గొంగళిపురుగులు తింటాయి, మందు కొట్టకండి అంతే. ఎండాకాలం వెడల్పాటి మట్టిమూకుడులో నీళ్లు, రోజూ కడిగి మార్చాలి. ఎలుకల మందు, రాత్రి ఫ్లడ్ లైట్లు తగ్గించడం కూడా మీ చేతిలో పనే. ఎకరాలు లేవని ఆగక్కర్లేదు.

## మేనేజ్‌మెంట్, రూల్స్, డబ్బులు

ప్లాంట్ హెడ్‌ని ఎలా ఒప్పించాలి? ప్రొడక్షన్ తప్ప ఇంకేం వినడు

పర్యావరణం, భూతల్లి అని మొదలుపెట్టొద్దు. ముందు మీ కంపెనీ ఎన్విరాన్‌మెంటల్ క్లియరెన్స్ లెటర్ తీయించి చదవండి, గ్రీన్ బెల్ట్ కండిషన్ ఒకటి ఉంటుంది, చాలా పాత లెటర్లలో స్థలంలో 33 శాతం అని రాసి ఉంటుంది. అంటే ఆ భూమి ఎలాగూ పచ్చగా ఉంచాల్సిందే, దానిమీద ఎలాగూ నీళ్లకి, గడ్డి కోతకి, మందులకి ఖర్చవుతోంది. ఆ ఖర్చు గార్డెన్ కాంట్రాక్టర్ బిల్లుల్లోంచి తీసి చూపించండి, లాన్‌కి పోసే ట్యాంకర్ల లెక్క చూస్తే ఏ ప్లాంట్ హెడ్ అయినా వింటాడు. ఆ తర్వాత చిన్నది అడగండి: వెనక వైపు ఒక్క ముక్క, ఒక్క ఏడాది, కోయకుండా, మందు కొట్టకుండా వదిలేయండి సార్ అని. రూపాయి అడగట్లేదు కాబట్టి కాదనడానికి కారణం దొరకదు.

సీఎస్‌ఆర్ ఫండ్స్‌తో చేసేయొచ్చు కదా?

జాగ్రత్త. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 135 కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే సమాజం కోసం చేసే పనులకి పెట్టాలి, ఏ పనులకి పెట్టొచ్చో చెప్పే షెడ్యూల్ 7లో పర్యావరణం, జంతుజాలం, వృక్షజాలం రక్షణ కూడా ఉన్నాయి, అంతవరకు కరెక్టే. కానీ 2021లో సవరించిన రూల్స్ ప్రకారం వేరే చట్టం కింద ఎలాగూ చేయాల్సిన పనిని సీఎస్‌ఆర్‌గా చూపించకూడదు, కేవలం ఉద్యోగులకే లాభం చేసేదీ చూపించకూడదు. మీ కాంపౌండ్ లోపలి గ్రీన్ బెల్ట్ క్లియరెన్స్ కండిషన్ కాబట్టి అది మామూలు ప్లాంట్ ఖర్చులోంచే పోవాలి. గోడ బయట ఊరి చెరువు, స్కూలు, అలాంటి వాటికైతే సీఎస్‌ఆర్ అడగండి. కంపెనీ సెక్రటరీతో ఒకసారి మాట్లాడాకే ప్రపోజల్ రాయండి.

లిస్టులో నెమలి ఉందని రాస్తే ఫారెస్ట్ వాళ్లొచ్చి ల్యాండ్ తీసుకుంటారంట, నిజమేనా?

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం సుప్రీంకోర్టు ఆపాక ఈ భయం బాగా పెరిగింది. పక్షుల లిస్టు రాసినంత మాత్రాన మీ ప్లాట్ అభయారణ్యం అయిపోదు, దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద సర్కారు నోటిఫికేషన్, పెద్ద ప్రాసెస్ వేరే ఉంటాయి. ఇంకో సంగతి, మీరు లిస్టు రాసినా రాయకపోయినా నెమలిని చంపితే నేరమే, చెట్లు కొట్టాలంటే వాల్టా చట్టం 2002 కింద పర్మిషన్ అడగాల్సిందే. కాబట్టి రాయకుండా దాచి మిగుల్చుకునేదేం లేదు. కాకపోతే ఎక్స్‌పాన్షన్‌కి అని ప్లాన్‌లో మార్క్ చేసిన ముక్కని మాత్రం దీనికి ఎంచుకోవద్దు, నాలుగేళ్లు పెంచి తర్వాత బుల్‌డోజర్ పెడితే టీమ్ మనసు విరిగిపోతుంది. సరిహద్దు స్ట్రిప్, హైటెన్షన్ లైన్ కింద జాగా, బండలున్న మూల, ఇవే మంచివి.

మాది ఫార్మా. ఆడిటర్ వచ్చి పురుగులు, పిట్టలు అంటే పరేషానే కదా?

ఆడిటర్ అడిగేది బిల్డింగ్ లోపలికి ఏమీ రాకూడదని, సైట్‌లో ఏ జీవీ ఉండకూడదని కాదు. ప్రొడక్షన్ బ్లాక్, వేర్‌హౌస్ గోడల చుట్టూ కంకర పట్టీ శుభ్రంగా ఉంచండి, ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్ గాలి పీల్చే వైపు పూల మొక్కలు పెట్టొద్దు, డాక్ డోర్ల దగ్గర తెల్ల లైట్ బదులు పసుపు లైట్ పెడితే పురుగులే తగ్గుతాయి. సాల్వెంట్ ట్యాంక్ ఫార్మ్ చుట్టూ ఎండు గడ్డి అస్సలు ఉండకూడదు, అక్కడ సేఫ్టీ ఆఫీసర్ చెప్పిన దూరమే ఫైనల్. సైట్ ప్లాన్ మీద ఈ రెండు జోన్లు గీసి, మిగతాది హ్యాబిటాట్ (జీవులు ఉండే చోటు) అని డాక్యుమెంట్‌లో పెట్టేస్తే ఆడిట్‌లో అడిగినా చూపించడానికి పేపర్ ఉంటుంది.

దీనికి సర్టిఫికెట్ ఏమైనా ఇస్తారా?

1988లో అమెరికాలో వైల్డ్‌లైఫ్ హ్యాబిటాట్ కౌన్సిల్ అని ఒకటి మొదలైంది, కంపెనీల భూముల్లో ఉద్యోగులు చేసే ఇలాంటి పనికే వాళ్లు సర్టిఫికేషన్ ఇస్తూ వచ్చారు, మల్టీనేషనల్ కంపెనీ అయితే మీ హెడ్ ఆఫీసుకి తెలిసే ఉంటుంది. మొదటి ఏడాదే దాని వెనక పడొద్దని నా సలహా. డేటా లేకుండా ఏ సర్టిఫికెట్ రాదు, డేటా ఉంటే సర్టిఫికెట్ లేకపోయినా పని ఆగదు.

## పని మొదలయ్యాక

మొదటి నెలలో ఏం చేయాలి?

సైట్ లేఅవుట్ ప్రింట్ తీసుకుని మాలి, గార్డుతో కలిసి మొత్తం తిరగండి. బండల గుట్టలు, పాత చెట్లు, కలుగులు, చీమల పుట్టలు, నీళ్లు నిలిచే పల్లాలు, డ్రెయిన్ ఔట్‌లెట్లు అన్నీ పెన్నుతో మార్క్ చేయండి. బండలు ముఖ్యంగా. హైదరాబాద్ గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, ఆ సందుల్లో తొండలు, ఉడుములు, గుడ్లగూబలు ఉంటాయి, మనమేమో రోడ్డు వేయాలని బ్లాస్ట్ చేసేస్తాం. చెట్టుని మళ్లీ పెంచొచ్చు, బండని పెంచలేం. మ్యాప్ అయ్యాక ఒక్క మాట రాయించుకోండి: మార్క్ చేసిన చోట జేసీబీ పెట్టాలంటే ముందు టీమ్‌కి చెప్పాలి. వర్క్ పర్మిట్ ఫామ్‌లోనే ఒక లైన్ చేర్చగలిగితే ఇంకా మేలు.

లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. పక్షుల లెక్క ఎలా?

నోట్‌బుక్, పెన్ను చాలు, కెమెరా లేకపోతే లెక్క రాదని ఎక్కడా లేదు. ఒకే దారి, ఒకే టైమ్, కనీసం 15 నిమిషాలు, చూసినవి, విన్నవి ఎన్ని అని రాయండి. తేదీ, టైమ్, ఎవరు చూశారు తప్పనిసరి. బయటికొచ్చాక ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించొచ్చు, సెక్యూరిటీ ఇబ్బంది అనుకుంటే ఆ లిస్టుని అందరికీ కనపడకుండా దాచే ఆప్షన్ ఉంది. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ నాలుగు రోజులు జరుగుతుంది, కొత్తవాళ్లని లాగడానికి అదే మంచి టైమ్, వలస పక్షులు కూడా ఉంటాయి. పేర్లు తెలీకపోతే డెక్కన్ బర్డర్స్ వాళ్లని అడగండి, హైదరాబాద్‌లో ఎప్పటినుంచో ఉన్న గ్రూప్. గుడ్లగూబ గూడు, నెమలి గుడ్లు ఎక్కడున్నాయో మాత్రం ఏ గ్రూపులోనూ పెట్టొద్దు.

ఏ మొక్కలు నాటితే మంచిది? కాంట్రాక్టర్ కోనోకార్పస్ తొందరగా పెరుగుద్ది అంటున్నాడు

వద్దు. హరితహారంలో అదే తెగ నాటారు, తర్వాత సర్కారే వద్దంది. కాంట్రాక్టర్‌కి నర్సరీలో దొరికేది కావాలి, మీకు ఇక్కడిది కావాలి, అందుకని పర్చేజ్ ఆర్డర్‌లోనే పేర్లు రాసి ఇవ్వండి: మోదుగ, నల్లతుమ్మ, వేప, కానుగ, నేరేడు, మేడి, జమ్మి, రేల, రేగు, తంగేడు. మేడి, మర్రి, రావి కాయలు కాస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ అక్కడే ఉంటాయి, పునాదులకి, పైపులైన్లకి దూరంగా పెట్టుకోండి. తంగేడు, రేల మీద పసుపు సీతాకోకచిలుకలు, జిల్లేడు మీద నారింజ రంగువి గుడ్లు పెడతాయి, కాబట్టి జిల్లేడు కనపడగానే పీకేయకండి. గుంతలు మే నెలలోనే తవ్వి ఉంచండి, మృగశిర కార్తెలో వానలు పట్టాక నాటండి. జూన్ 5న ఫొటో కోసం తొందరపడితే తర్వాత ట్యాంకర్లు తిప్పాల్సి వస్తుంది. ఇంకోటి, ఖాళీ జాగా కనపడితే చాలు దట్టంగా మియావాకీ అడవి పెంచేద్దాం అంటారు, తీతువుకి, పాలపిట్టకి కావల్సింది ఓపెన్ జాగా, అన్నీ చెట్లతో నింపేస్తే అవి వెళ్లిపోతాయి.

సర్కార్ తుమ్మ అంతా ఒకేసారి తీసేయాలా?

అది బయటి దేశాల నుంచి వచ్చింది, వేరేవాటిని పెరగనివ్వదు, నిజమే. కానీ మీ సైట్‌లో ఇప్పుడున్న ముళ్లపొద అదొక్కటే అయితే పిట్టలన్నీ అందులోనే ఉంటాయి, ఒకేసారి పీకితే వాటికి దాక్కోడానికి ఏం మిగలదు. ఏడాదికి కొంచెం కొంచెంగా, గూళ్లు లేని టైమ్ చూసుకుని తీసి ఆ చోట రేగు, నల్లతుమ్మ రానివ్వండి. పైపైన కొడితే మళ్లీ నాలుగు కొమ్మలేసుకుని లేస్తుంది, మొదలు తవ్వి తీయాల్సిందే. వయ్యారిభామనైతే పూత రాకముందే పీకించండి, చేతులకి గ్లౌజులు ఇవ్వండి, చాలామందికి దద్దుర్లొస్తాయి.

ఎండిపోయిన తాటిచెట్టు ఉంది, చూడ్డానికి బాలేదు, కొట్టేయమంటున్నారు

రోడ్డు మీదో షెడ్డు మీదో పడేలా ఉంటే కొట్టేయండి, వేరే మాట లేదు. లేకపోతే ఉండనివ్వండి. దసరా రోజు పాలపిట్టని చూడాలని ఊరంతా తిరుగుతాం, అది గుడ్లు పెట్టేది ఇలాంటి ఎండు మానుల తొర్రల్లోనే. చిలకలు, చిన్న గుడ్లగూబలు కూడా. పచ్చటి గార్డెన్ చెట్లలో తొర్రలుండవు.

ఈటీపీ నుంచి ట్రీట్ చేసిన నీళ్లు వస్తాయి కదా, వాటితో కుంట చేస్తే?

అస్సలు వద్దు. ట్రీట్ అయినా అందులో ఉప్పులు, సాల్వెంట్ మిగుళ్లు ఎంత ఉన్నాయో రోజూ ఒకేలా ఉండదు, పిట్ట తాగి ఎక్కడో పడిపోతే మీకు తెలియను కూడా తెలీదు. ఆర్‌ఓ రిజెక్ట్ (ఆర్‌ఓ ఫిల్టర్ బయటికి వదిలేసే ఉప్పు నీళ్లు) కూడా అంతే. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి నక్కవాగు మన కళ్లముందే ఏమైందో పటాన్‌చెరు వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. కుంటకి వాన నీళ్లే, అదీ ఆఫీస్ బ్లాక్, క్యాంటీన్ రూఫ్ నుంచి వచ్చేవి, ప్రాసెస్ ఏరియా డ్రెయిన్ నుంచి కాదు. ఒడ్డు సిమెంట్ తొట్టిలా నిట్టనిలువుగా కట్టకండి, ఏటవాలుగా మట్టితో ఉంటేనే కప్పలు ఎక్కుతాయి, గుడ్డి కొంగలు నిలబడతాయి. ఎండాకాలం ఎండిపోతే ఎండిపోనివ్వండి, మన కుంటల తీరే అది.

కుంట పెడితే దోమలు రావా?

డ్రమ్ములు, టైర్లు, స్క్రాప్ యార్డులో నిలిచిన నీళ్లు ముందు తీయండి, దోమలు అక్కడే ఎక్కువ. తూనీగలున్న కుంటలో వాటి పిల్లలే దోమ పురుగుల్ని తింటాయి. గంబూసియా చేపలు వదలమని ఎవరో ఒకరు చెప్తారు, అవి అమెరికా చేపలు, కప్ప పిల్లల్ని, తూనీగ పిల్లల్ని కూడా తినేస్తాయి, ఆ పని చేయకండి.

తీతువు పిట్ట రోడ్డు పక్కనే గుడ్లు పెట్టింది, లారీలు తిరుగుతున్నాయి. గుడ్లు పక్కకి జరపాలా?

ముట్టుకోవద్దు, జరిపితే అది వదిలేసి పోవచ్చు. గూడు అంటూ ఏం కట్టదు, కంకరలో చిన్న గుంతలో నాలుగు గుడ్లు, మట్టిరంగు మీద నల్ల మచ్చలు, కాలు పక్కనే ఉన్నా కనపడవు. మా దగ్గర కాంటా పక్కన పెట్టినప్పుడు నాలుగు ట్రాఫిక్ కోన్లు పెట్టి టేపు కట్టి, లారీ డ్రైవర్లకి గేట్ దగ్గరే చెప్పించాం. లారీ వస్తే లేచి నెత్తిమీద తిరుగుతూ అరిచి గోల చేసేది, లారీ ఆగగానే వచ్చి మళ్లీ కూర్చునేది, రెండు రోజుల్లో డ్రైవర్లే ఒకరికొకరు చెప్పుకుని చుట్టూ తిప్పుకుని పోయారు. పొదగడానికి దాదాపు నెల పడుతుంది, పిల్లలు పుట్టిన కాసేపటికే నడుస్తాయి, ఆ తర్వాత కోన్లు తీసేయొచ్చు.

గడ్డి కోయకపోతే ఎండాకాలం అంటుకోదా?

అంటుకుంటది. అందుకే మొత్తం వదలరు. గోడ వెంబడి, రోడ్ల వెంబడి ఫిబ్రవరిలోపే ఫైర్ లైన్ (మంట పాకకుండా గడ్డి లేని పట్టీ) కోసి తీసేయాలి, లోపలి గడ్డిని ముక్కలు చేసి ఈ ఏడాది ఒకటి వచ్చే ఏడాది ఇంకోటి కోయాలి. కాల్చడం మాత్రం ఎప్పుడూ వద్దు.

## పాములు, కుక్కలు, తేనెటీగలు

పాము కనిపిస్తే ఏం చేయాలి? ఇదంతా పెడితే పాములు పెరగవా?

పాములు ఎలుకల కోసం వస్తాయి, ఎలుకలు క్యాంటీన్ చెత్త, ప్యాలెట్ల గుట్టల కోసం వస్తాయి. కాబట్టి మొదటి పని ఆ రెండూ శుభ్రం చేయడం. కనిపిస్తే దూరంగా నిలబడి ఒకరు దానిమీద కన్నేసి ఉంచాలి, ఇంకొకరు ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు వచ్చి పట్టుకుంటారు, నంబర్ గేట్ దగ్గర గోడ మీద రాసి పెట్టండి. విషం ఉండి జాగ్రత్త పడాల్సినవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఎక్కువ కనిపించేది మాత్రం జెర్రిపోతు, విషం లేదు, ఎలుకల్ని తింటుంది, పాపం దాన్నే ఎక్కువ చంపుతారు. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు ఎక్కువ రక్షణ ఉండే షెడ్యూల్ 1లో ఉన్నాయి, చంపితే జైలు కేసు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, నాటు మందు ఏవీ వద్దు. మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కో కంపెనీ అంబులెన్స్‌కో చెప్పి యాంటీ వీనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆ ఆసుపత్రి ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి. గడ్డిలో పనిచేసే మాలికి గమ్ బూట్లు, రాత్రి రౌండ్ కొట్టే గార్డుకి టార్చి, ఇవి ఇవ్వకుండా హ్యాబిటాట్ గురించి మాట్లాడే హక్కు మనకి లేదు.

ఎలుకల మందు పెస్ట్ కంట్రోల్ వాళ్లు పెడతారు, దాంతో ఏం నష్టం?

మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతుంది, దాన్ని గుడ్లగూబ తింటుంది, ముంగిస తింటుంది, విషం వాటికీ ఎక్కుతుంది. బిల్డింగ్ బయట మందు బదులు బోను ట్రాపులు పెట్టమని కాంట్రాక్ట్‌లో రాయించండి. ఆరుబయట గ్లూ బోర్డులు అసలే వద్దు, బల్లులు, పిట్టలు అతుక్కుని చస్తాయి.

వాటర్ ట్యాంక్ కింద పెద్ద తేనెపట్టు ఉంది, కాల్చేద్దామంటున్నారు

జనం తిరగని ఎత్తులో ఉంటే వదిలేయండి, ఈ పెద్ద తేనెటీగలు సీజన్ మారాక వాటంతట అవే లేచి పోతాయి. కింద టేపు కట్టి బోర్డు పెట్టండి, ఆ పక్కన గ్రైండింగ్, వెల్డింగ్, పొగ వద్దు. పని జరిగే చోటే ఉంటే రాత్రి పూట తెలిసినవాళ్లతో జరిపించాలి. పొగబెట్టి కాల్చాక అవి ఎవరిమీద పడతాయో చెప్పలేం.

కుక్కలు చెవులపిల్లిని, పక్షి పిల్లల్ని పట్టేస్తున్నాయి

దీనిమీద ప్రతి ఫ్యాక్టరీలో లొల్లే, అన్నం పెట్టేవాళ్లు ఒకవైపు, వద్దనేవాళ్లు ఒకవైపు. వ్యాన్‌లో ఎక్కించి ఊరవతల వదిలేస్తే కొత్తవి వస్తాయి, పైగా చట్టం ఒప్పుకోదు. మున్సిపాలిటీ ద్వారా ఆపరేషన్లు, టీకాలు చేయించండి, క్యాంటీన్ చెత్తకి మూత పెట్టండి, అన్నం పెట్టేవాళ్లు గేట్ వైపే పెట్టాలి, వెనక పొదల వైపు కాదు. వెనక వైపు కంచె కింద సందులు మూసేయండి. మొత్తం తీరిపోయే సమస్య కాదిది, తగ్గుతుంది అంతే.

ఆఫీస్ అద్దాలకి పిట్టలు గుద్దుకుని చనిపోతున్నాయి

అద్దం బయటివైపు రెండంగుళాలకి ఒక చుక్క చొప్పున మొత్తం స్టిక్కర్ చుక్కలు అంటించండి. ఒక మూల డేగ బొమ్మ ఒక్కటి అంటిస్తే పని చేయదు.

## ఏడాది తర్వాత

ఏడాదైంది, పక్షుల సంఖ్య పెరగలేదు. మేనేజ్‌మెంట్‌కి ఏం చూపించాలి?

ఏడాదిలో పెరగవు, పెరిగినట్టు కనిపిస్తే మీ టీమ్‌కి గుర్తుపట్టడం వచ్చిందని అర్థం. అందుకే మొదటి రిపోర్ట్‌లో జాతుల సంఖ్య పెద్దగా వేసి గొప్పలు చెప్పొద్దు, రెండో ఏడాది తగ్గితే మీరే ఇరుక్కుంటారు. చూపించాల్సినవి వేరే ఉన్నాయి: ఎన్ని ట్యాంకర్ల నీళ్లు తగ్గాయి, ఏ మందులు ఆపేశాం, ఎన్ని పాముల్ని చంపకుండా పట్టించి పంపాం, ఎన్ని గూళ్లలో పిల్లలు బయటికొచ్చాయి. గిజిగాడు గూళ్లు లెక్కపెట్టడం ఈజీ, వానాకాలంలో తుమ్మకొమ్మలకి వేలాడుతూ దూరం నుంచే కనపడతాయి, ప్రతి ఏడాది ఒకే వారంలో లెక్కపెట్టి రాస్తే మంచి రికార్డ్.

నడిపించే మనిషి ట్రాన్స్‌ఫరో రిటైరో అయితే అంతా ఆగిపోతోంది, ఏం చేయాలి?

రిజిస్టర్ ఒకరి ల్యాప్‌టాప్‌లో ఉంటే ఆగిపోతుంది. సెక్యూరిటీ గేట్ దగ్గర ఇన్‌వార్డ్ రిజిస్టర్ పక్కన ఇదొక పుస్తకం పెట్టండి, ఎవరు ఏం చూసినా అక్కడే రాస్తారు, పక్షి పేరు తెలీకపోతే నల్లగా తోక చీలి ఉంది అని రాసినా చాలు, తర్వాత ఎవరో ఒకరు ఏట్రింత అని చేరుస్తారు. గార్డెన్ కాంట్రాక్ట్, పెస్ట్ కంట్రోల్ కాంట్రాక్ట్ రెన్యువల్ అయ్యే నెల కూడా అందులో మొదటి పేజీలో రాసి ఉంచండి, ఎందుకంటే కొత్త కాంట్రాక్టర్ వచ్చిన మొదటి వారమే కట్టర్ మెషిన్ పట్టుకుని అన్నీ కోసేస్తాడు.